‘దండగ’ బడుల చరిత్ర

‘దండగ’ అనే మాట ఎవరి నోట వస్తుందో గమనించారా? పంట పోయిన రైతు ‘ఈ యేడు దండగయింది’ అంటాడు. నష్టం అతనిది, మాటా అతనిదే. కానీ పదిహేనుమంది పిల్లలున్న బడి దండగ అని ఆ పిల్లల తండ్రి అనగా నేను ఎన్నడూ వినలేదు. బడి విషయంలో ఆ మాట ఎప్పుడూ పైనుంచే వచ్చింది. ఒకప్పుడు ఇన్‌స్పెక్టరు డైరీలోంచి, తరవాత కమిటీ నివేదికల్లోంచి, ఇవాళ కంప్యూటరు పట్టికల్లోంచి. ‘వనరుల సద్వినియోగం’, ‘హేతుబద్ధీకరణ’, ‘విలీనం’ అంటూ దాని వేషం మారింది గానీ మాట అదే.

సాహిత్య పత్రికలో బడుల లెక్కలేమిటని కొందరు మిత్రులు అనవచ్చు. మనం పాఠకుల సంఖ్య తగ్గిందని వాపోతాం. ప్రజాసాహిత్యం ప్రజలకు చేరటం లేదని సభల్లో తీర్మానాలు చేస్తాం. చదవటం రాని పాఠకుడికి పుస్తకం చేరే దారి మటుకు మన చర్చలోకి రాదు. ఆ దారి ఊరి బడి గుమ్మం దగ్గర మొదలవుతుంది. అందుచేత ఆ గుమ్మాలను ఎవరు, ఏ లెక్కతో తెరిచారో, ఏ లెక్కతో మూశారో తెలుసుకోవటం మన పనే అని నా అభిప్రాయం.

మద్రాసు రాజధానిలో బడులను మొదటిసారి లెక్కపెట్టించినవాడు గవర్నరు థామస్ మన్రో. 1822లో కలెక్టర్లకు ఉత్తర్వులిచ్చాడు. 1826 మార్చినాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ తన జిల్లాలో 533 బడులున్నాయని రాశాడు. వాటిలో తెలుగు బడులు 226. పిల్లలు మొత్తం 6,641 మంది. అంటే సగటున బడికి పన్నెండు, పదముగ్గురు! ఇవాళ్టి కొలత పెడితే బళ్ళారి జిల్లాలో మిగిలే బడి ఒక్కటీ ఉండేది కాదు.

ధర్మపాల్ ఈ పట్టికలను 1983లో అచ్చువేసిన తరవాత, ఇదంతా మన స్వర్ణయుగమని చెప్పేవాళ్ళు బయలుదేరారు. ఆ పట్టికలనే కులం గడుల్లో చదివితే స్వర్ణం రంగు తెలిసిపోతుంది. తెలుగు జిల్లాల బడుల్లో బ్రాహ్మణ, వైశ్య పిల్లలదే పెద్ద వాటా. ఆడపిల్లలు దాదాపు లేరు. పంచములకు ఆ అరుగులు ఎక్కే హక్కే లేదు. కనక పాతదాన్ని తలచుకుని ఏడవనక్కరలేదు. కానీ గమనించవలసింది మన్రో ఆ లెక్క చూసి ఏం చేశాడన్నది. పిల్లల దగ్గర అణాలు పోగుచేసుకుని నెలకు ఆరేడు రూపాయలకు మించి సంపాదించలేని పంతుళ్ళే విద్య క్షీణతకు కారణమని అతనికి తెలుసు. ఆ పంతుళ్ళను నిలబెట్టలేదు. జిల్లాకు రెండు కలెక్టరేటు బడులు, తాలూకాకొక తహసీల్దారీ బడి, మొత్తం మూడువందల చిల్లర బడులు పెట్టాలనీ, వాటి పంతుళ్ళకు నెలకు పదిహేను, తొమ్మిది రూపాయలు జీతమనీ పథకం వేశాడు. పన్నెండువేల బడుల దేశానికి మూడువందల బడుల మందు! అవైనా నిలిచాయా? 1836లో ఎత్తేశారు. మన ప్రాంతంలో బడుల వలను పైనుంచి అల్లటానికి జరిగిన మొదటి ప్రయత్నం పదేళ్ళు కూడా బతకలేదు.

‘దండగ’ శాస్త్రీయపదమయింది 1929లో. సైమన్ కమిషన్‌కు అనుబంధంగా ఏర్పడిన హార్టోగ్ కమిటీ ఆ ఏడు నివేదిక ఇచ్చింది. ఉపాధ్యాయ శిక్షణ పుస్తకాల్లో ఇప్పటికీ మనవాళ్ళు వల్లెవేసే ‘వృథా, స్తబ్ధత’ అనే జంటపదం ఆ నివేదిక పుణ్యమే. 1922–23లో ఒకటో తరగతిలో ఉన్న నూరుమందిలో 1925–26 నాటికి నాలుగో తరగతిలో ఉన్నవారు 18 మందేనని కమిటీ చెప్పింది. మిగిలిన 82 మంది మీద పెట్టిన ఖర్చు వృథా. కనక బడులు పెంచటం కంటే ఉన్నవాటిని దిటవు చెయ్యండి, ఏకోపాధ్యాయ పాఠశాలలను తగ్గించండి అని సలహా ఇచ్చింది. (ఆ కమిటీలో మన దక్షిణాది డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి కూడా సభ్యురాలే. నివేదిక అంతా దుష్టబుద్ధితో రాసిందని నేను అనటం లేదు. ఆడపిల్లల చదువు గురించి అందులో పనికొచ్చే మాటలున్నాయి.)

అంకెలో అబద్ధం లేకపోవచ్చు. దానికి పెట్టిన పేరులో ఉంది. ఆ 82 మంది ఎక్కడికి పోయారు? గొడ్లవెంట, కోతలకు, చంటిపిల్లల్ని ఎత్తుకోవటానికి పోయారు. ఆ కుటుంబాల లెక్కలో అది వృథా కాదు, గంజి. పిల్లవాణ్ణి బడి మాన్పించిన పేదరికాన్ని బడి దోషంగా రాసి, ఆ దోషానికి బడి మూతను శిక్షగా వెయ్యటం – ఇదీ జరిగింది. దానికి తోడు ఆర్థికమాంద్యం వచ్చింది. 1930 దశకమంతా ‘బలహీనమైన’ బడుల ఏరివేత ప్రభుత్వ విధానమయింది. కోస్తా జిల్లాల్లో పంతులే మేనేజరుగా నడిపే ఎయిడెడ్ బడులుండేవి. గ్రాంటు ఆగితే పంతులు, పంతులుతోపాటు బడి.

బొంబాయికి చెందిన విద్యావేత్త ఆర్.వి. పరులేకర్ ఈ దృక్పథాన్ని గట్టిగా ఎదిరించాడు. నాణ్యత తరవాత, ముందు అందరికీ అక్షరం అన్నాడు. ఆయన ప్రస్తావన మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. దాన్ని దాటేసి వాదించటం సులువు గానీ నిజాయితీ కాదు. ఒకే ఊళ్ళో అరమైలు లోపు రెండు బడులుండటం ఇన్‌స్పెక్టర్లకు ప్రత్యక్షంగా కనబడే ‘దండగ’. ఆ రెండో బడి ఎందుకు వచ్చింది? సర్కారు సొమ్ముతో నడిచే బడిలో పంచములకు ప్రవేశం ఉండాలని ఉత్తర్వులు వస్తూనే ఉండేవి. బడి మటుకు అగ్రహారంలోనో, గుడి మండపంలోనో, కరణంగారి అరుగు మీదనో ఉండేది. అందుకే 1920 ప్రాంతంలో లేబర్ డిపార్టుమెంటు పల్లెల్లో వేరే బడులు పెట్టవలసి వచ్చింది. ‘లేబరు స్కూళ్ళు’ అనేవారు. మిషన్ బడులు అంతకుముందే ఉన్నాయి. వాటిలో చదువుకున్నవాళ్ళూ, పంతుళ్ళుగా పనిచేసినవాళ్ళూ లేకపోతే తెలుగు కవిత్వానికి జాషువా ఉండేవాడు కాదు. ఈ రెండో బడి దండగ అంటారా? నిజమే, దండగే. కానీ ఆ దండుగ కట్టవలసినది కులం.

1962లో నేను చేరిన సమితి బడి రామాలయం మండపంలో ఉండేది. ఒక్కరే పంతులుగారు. హాజరుపట్టీలో నలభై పేర్లు. మాలపల్లె పిల్లల పేర్లు అందులో ఉన్నాయి, పిల్లలు లేరు. పల్లె నుంచి మండపానికి రెండు ఫర్లాంగులు. సర్వేవాడి గొలుసుతో కొలిస్తే రెండు ఫర్లాంగులే. పంతులుగారు మంచివాడు, ‘రమ్మంటే రారు’ అనేవాడు. వస్తే ఎక్కడ కూర్చోబెడతారో ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఒక కుర్రాడు మాత్రం కొన్నాళ్ళు వచ్చాడు. మెట్ల కింద నిలబడి ఎక్కాలు అప్పజెప్పటం నాకు గుర్తు.

కనక బడులను కలపటమే అన్యాయమని నేను అనను. ఊరిబడినీ పల్లెబడినీ కలిపి, పల్లెవైపు స్థలంలో ఒక మంచి భవనం కట్టి ఉంటే, అది పొదుపూ అయ్యేది, న్యాయమూ అయ్యేది. అలాంటి విలీనం ఎన్ని ఊళ్ళలో జరిగిందో మన పాఠకులు తమతమ ఊళ్ళను తలచుకుని చెప్పవచ్చు.

పొదుపు న్యాయాన్ని పూర్తిగా మింగేసిన ఘట్టం 1953. రాజాజీ ముఖ్యమంత్రి. ఆంధ్ర రాష్ట్రం ఇంకా విడిపోలేదు. పల్లెల్లోని ప్రాథమిక పాఠశాలలకు మూడు గంటల చదువు చాలు, పిల్లల్ని రెండు జట్లుగా చేసి ఒక జట్టు పొద్దున, ఒక జట్టు మధ్యాహ్నం రావాలి, మిగతా వేళ తండ్రి వృత్తి నేర్చుకోవాలి, ఆడపిల్లలు తల్లి దగ్గర ఇంటిపని నేర్చుకోవాలి అన్నది పథకం. లెక్క చూడండి, ఎంత చక్కగా ఉందో! అదే గది, అదే పంతులు, రెట్టింపు పిల్లలు. అదనపు ఖర్చు లేదు. పట్నం పిల్లలకు మాత్రం ఈ పొదుపు అక్కరలేదు. పెరియార్ దీన్ని కులవృత్తి చదువు అని పేరుపెట్టి ఊరూరా ఎండగట్టాడు. ఆగ్రహం శాసనసభలోకీ వచ్చింది. ప్రభుత్వం సమీక్షకు కమిటీ వెయ్యవలసి వచ్చింది. ఆ కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? పరులేకరే. అందరికీ అక్షరం ముందు అన్న మనిషి, రెండు జట్ల బడి వల్ల ఎక్కువమందికి చదువు అందుతుందని లెక్కకట్టి పథకం సవ్యంగానే ఉందన్నాడు. మంచి ఆశయం చెడ్డ పథకానికి సంతకం పెట్టటం మన చరిత్రలో కొత్త కాదు. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ వచ్చీరాగానే పథకాన్ని తీసేశాడు.

ఆ తరవాతి కాలంలో, 1957లో జరిగిన తొలి అఖిలభారత విద్యా సర్వే ఆవాసాలను ఒక్కొక్కటే లెక్కించి ఎక్కడ బడి కావాలో గుర్తించింది. బడిని కాక పిల్లవాడి ఇంటిని కేంద్రం చేసుకున్న లెక్క అది. 1964–66 కొఠారీ కమిషన్ ఇంటికి మైలులోపు ప్రాథమిక పాఠశాల ఉండాలంది. చుట్టుపక్కల బడులన్నీ ఒక హైస్కూలుతో కలిసి వనరులు పంచుకునే పాఠశాల సముదాయాన్ని సూచించింది. దానితోపాటు ఇంకొక మాట కూడా అంది: పేదా గొప్పా ఒకే ఇరుగుపొరుగు బడిలో చదవాలని. మైలు సూత్రాన్ని ప్రభుత్వాలు తీసుకున్నాయి. సముదాయాన్ని కాగితం మీద తీసుకున్నాయి. మూడో మాటను ఎవరూ తీసుకోలేదు – ప్రభుత్వాలే కాదు, పంతుళ్ళమూ రచయితలమూ తీసుకోలేదు. మా పిల్లలు కాన్వెంట్లకే వెళ్ళారు.

ఇప్పుడు నా సంగతి. 1990ల చివర మా మండలంలో బడుల సర్వే జరిగింది. నేను ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. సర్వే బృందంలో ఉన్న ముగ్గురిలో ఒకణ్ణి. మా ఊరికీ పక్క పాలేనికీ మధ్య ఒక మురుగుకాలవ. పాలెం బడిలో పదకొండుమంది పిల్లలు, ఒక టీచరు. నా బడిలో ఎనభైమంది, నేనొక్కణ్ణి. వేసవిలో వెళ్ళాం. కాలవ ఎండిపోయి ఉంది. రెండు తాటి దుంగల మీదుగా దాటి దూరం కొలిచాం. కిలోమీటరు లోపే. ఫారంలో రాసి ముగ్గురం సంతకాలు చేశాం.

జూన్‌లో పాలెం బడి మా బడిలో కలిసింది. ఆ టీచరు మా బడికి వచ్చారు. ఎనభైమంది పిల్లలు మొదటిసారిగా రెండు గదుల్లో కూర్చున్నారు. మా ఊరి పిల్లలకు మేలు జరిగింది, ఆ మాట దాచను. ఆగస్టులో కాలవకు నీళ్ళొచ్చాయి, దుంగలు మునిగాయి. రోడ్డు మీద చుట్టి వస్తే మూడు కిలోమీటర్లు. పదకొండుమందిలో దసరా తరవాత బడికి వచ్చినవాళ్ళు నలుగురు. ఆడపిల్ల ఒక్కతీ రాలేదు. మా రిపోర్టులో ఆ ఏడుగురూ ‘వృథా’ కిందికే వచ్చారు.

ఫారంలో నీటి గురించి గడి లేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ కాలవ నాకు చిన్ననాటి నుంచీ తెలుసు. నాకు రెండో టీచరు కావాలి. పాలెంవాళ్ళు వచ్చి అడగలేరని కూడా తెలుసు. ఎనభైమందికి ఒక్క పంతుల్ని ఇచ్చిన ప్రభుత్వాన్ని అడగవలసినది పోయి, పదకొండుమంది దగ్గరున్న పంతుల్ని తెచ్చుకున్నాను. పేదవాడి బడికి కావలసింది ఇంకొక పేదవాడి బడినుంచి తీసి ఇవ్వటం – రెండువందల ఏళ్ళ పొదుపు చరిత్రలో నాకు కనబడిన సూత్రం ఇదొక్కటే. ‘వనరులు’ అని లెక్కించేది ఎప్పుడూ సర్కారు బడుల గదులనూ పంతుళ్ళనే. ఊళ్ళో ఉన్న ప్రయివేటు బడి, దాని బస్సు, దానివైపు వెళ్ళిపోయిన కలిగినవాళ్ళ పిల్లలు ఆ పటంలో ఉండరు. వాళ్ళు వెళ్ళిపోవటం వల్లనే బడి చిన్నదయింది. చిన్నదయింది కనక దండగయింది.

2009 విద్యాహక్కు చట్టం అరవైమంది లోపున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు ఉపాధ్యాయులుండాలంది. అంటే పాలెం బడికి రావలసినది మూత కాదు, ఇంకొక టీచరు. 2020 జాతీయ విద్యావిధానం 2016–17 లెక్కలు చూపి, ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాదాపు 28 శాతం ముప్ఫైమంది లోపు పిల్లలతో ఉన్నాయనీ, ఏకోపాధ్యాయ పాఠశాలలు 1,08,017 అనీ చెప్పి, కొఠారీ సముదాయాన్ని మళ్ళీ బయటికి తీసింది. ఆ లక్షా ఎనిమిదివేల పంతుళ్ళ పక్కన ఇంకొకరిని వెయ్యవచ్చునన్న ఆలోచన కంటే, బడులను దగ్గరికి లాగాలన్న ఆలోచనే రాష్ట్రాల్లో ముందు అమలయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117 నంబరు జి.ఓ. కిలోమీటరు లోపున్న హైస్కూళ్ళకు మూడు, నాలుగు, అయిదు తరగతులను తరలించమంది. ఒకటి, రెండు తరగతులతో మిగిలిన బడుల్లో ఎన్నో మళ్ళీ ఒక్క పంతులు బడులయ్యాయి! తల్లిదండ్రులు బడుల గేట్ల ముందు కూర్చున్నారు. 2025లో ఆ జి.ఓ. పోయి ఇంకొక అమరిక వచ్చింది. దానిలో తరగతికొక టీచరున్న ఆదర్శ ప్రాథమిక పాఠశాలలున్నాయి. మంచిదే. ఆ టీచర్లు కొత్తగా వచ్చినవారా, ఏదో ఒక పాలెం నుంచి తీసినవారా అన్నది ప్రతి మండలంలోనూ విడివిడిగా చూడవలసిన సంగతి.

అందుకు ఎవరో కమిటీ వెయ్యనక్కరలేదు. సాహిత్య విద్యార్థులు పల్లెలకు వెళ్ళి జానపదగేయాలు సేకరిస్తున్నారు. అదే యాత్రలో ఊరి బడి ఏ అరుగు మీద మొదలయింది, ఎప్పుడు ఎటు జరిగింది, ఎవరి పేర్లు ఏ తరగతిలో ఆగాయి అన్నది కూడా రాసుకోవచ్చు. విలీనమయిన బడుల రికార్డులను చాలాచోట్ల పాతకాగితాల కింద అమ్మేస్తున్నారు. పాలెం బడి చివరి హాజరుపట్టీ మా బడి బీరువాలో ఉండేది. నేను రిటైరయిన రోజున దాన్ని అడిగి తెచ్చుకున్నాను. పదకొండు పేర్లు, ఏప్రిల్ 23 వరకు అన్నీ హాజరే.