ద్రావణములో వెలుగు లెక్క

నీలిరంగుగల మైలతుత్తపు ద్రావణమును గాజుపాత్రలో పోసి, దానిగుండా ఎఱ్ఱని కాంతిని పంపుదము. 100 పాళ్ళలో 50 పాళ్ళే ఆవలికి పోయినవనుకొనుడు. అట్టి పాత్రనే మరియొకదానిని వెనుక నుంచినచో ఏమగును? మిగిలిన 50 పాళ్ళును హరించిపోయి చీకటియగునని తోచును. కాని 25 పాళ్ళు బయటికి వచ్చును; మూడవ పాత్ర దాటునప్పటికి 12.5 పాళ్ళు మిగులును. ప్రతి పొరయు తన వద్దకు వచ్చిన కాంతిలో ఒకే వంతును హరించును గాని, ఒకే మొత్తమును కాదు.

ఈ నియమమును మొదట కనుగొన్నవాడు రసాయనజ్ఞుడు కాడు; ఫ్రాన్సులో నౌకాశాస్త్రము బోధించిన పియర్ బుగేర్. చంద్రుడు దిగువనున్నప్పుడు వెన్నెల ఎక్కువ గాలిని దాటి రావలెను. 1725లో ఆయన చంద్రుడు ఎత్తుననున్నప్పటి వెన్నెలను, దిగువనున్నప్పటి వెన్నెలను కొవ్వొత్తుల వెలుగుతో పోల్చెను. రెండు వెలుగులు సమానమా కాదా అని కన్ను చెప్పగలదు గాని, ఒకటి రెండవదానికి ఎన్ని రెట్లో చెప్పజాలదు. అందుచే కొవ్వొత్తులను జరిపి వెలుగులను సమానము చేసి, దూరముల వర్గములనుబట్టి లెక్క కట్టెను. ఆ నియమము 1729లో ఆయన గ్రంథమున వెలువడెను.

1760లో లాంబర్ట్, బుగేర్ కృషిని పేర్కొనుచునే, దానికి చక్కని గణితరూపము నిచ్చెను. 1852లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆగస్ట్ బీర్ రంగు ద్రావణములలో ఎఱ్ఱని కాంతిని పరీక్షించెను. ద్రావణమును సగమునకు పలుచన చేసి, కాంతి నడుచు దారిని రెండింతలు చేసినను ఫలిత మొక్కటే. దారి పొడవువలెనే గాఢతయు లెక్కలోనికి వచ్చెను.

ద్రావణము దాటి వచ్చిన కాంతి వంతును ప్రసారాంకమందురు. గాఢత రెండింతలైనచో ఇది 10 శాతమునుండి 1 శాతమునకు పడిపోవచ్చును; దీనినుండి గాఢతను సూటిగా చదువుట కష్టము. కావున ప్రసారాంకపు విలోమమునకు సంవర్గమానము తీసి, శోషణాంకమని పేరిడిరి. 10 శాతమునకు ఇది 1. 1 శాతమునకు 2. ప్రసారాంకములను గుణింపవలెను, శోషణాంకములను కూడిన చాలును. గాఢత ఎన్ని రెట్లో శోషణాంకమును అన్ని రెట్లు.

అయితే ఇది ఒకే తరంగదైర్ఘ్యముగల కాంతికి, పలుచని ద్రావణములకు చక్కగా వర్తించును. శోషణాంకము 2 అయినచో నూటికి ఒక పాలు వెలుగే మిగులును. అందు స్వల్పమైన పొరపాటును ఫలితమును చెఱచును. కనుకనే చిక్కని ద్రావణమును పలుచన చేసి కొలుతురు.

రక్తములోని హీమోగ్లోబినును, మంచినీటిలోని ఇనుమును నేడు ఈ లెక్కతోనే కొలుచుచున్నారు. పాఠ్యగ్రంథములు దీనిని తరచుగా బీర్-లాంబర్ట్ నియమమనును. వెన్నెలను కొలిచిన బుగేర్ పేరు ముందుండుట న్యాయము.