మాండొలిన్ శ్రీనివాస్: మనం మరిచిన ఒక ఆల్బమ్

మా గుడియాత్తంలో పెళ్లంటే నాదస్వరం ఉండాల్సిందే. పోయిన ఏడు ఒక పెళ్లిలో మాత్రం భోజనాల వేళ మాండొలిన్ కచేరీ పెట్టారు. "ఇది వాయించేది మనవాడేరా, పాలకొల్లు" అన్నారు మా తాత. పక్కన కూర్చున్న వేలూరు పెద్దాయన "కాదండీ, మద్రాసాయన" అన్నారు. ఇద్దరిలో ఎవరిది నిజమో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్ని తీగ మీద పలికించేవాడు. 1978లో, తొమ్మిదేళ్లకే, గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశారు. తర్వాత కుటుంబం మద్రాసు చేరింది.

మాండొలిన్ పడమటి దేశాల వాద్యం. దానికి జంటలుగా ఎనిమిది తీగలు. మీటగానే నాదం ఆగిపోతాది. మన రాగానికేమో గమకం కావాలి, స్వరం ఊగుతూ నిలవాలి. అందుకని శ్రీనివాస్ జంట తీగలు తీసేసి, ఒంటి తీగలు ఐదు పెట్టి, ఎలక్ట్రిక్ మాండొలిన్ వాయించారు.

ఇదే బాధ కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌కూ ఉండేది. మీటిన స్వరం ఆగకుండా సాగేలా ఆయన 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేశారు. యూటూ అనే రాక్ బృందం 1987 నాటి పాటలో అది వినిపిస్తుంది. ఈ ఇద్దరూ కలిసి చేసిన ఆల్బమే 'డ్రీమ్'. రాక్ గాయకుడు పీటర్ గేబ్రియల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో దాన్ని విడుదల చేసింది.

శ్రీనివాస్‌కు 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే, చెన్నైలో కన్నుమూశారు. ఆయన కచేరీల గురించి అందరూ చెబుతారు, 'డ్రీమ్' పేరు చెప్పినవాళ్లు నాకు కనబడలేదు. అది పూర్తిగా కచేరీ కాదు, పూర్తిగా రాక్ కాదు. అందుకే ఎవరూ తమదనుకోలేదేమో.

తమిళనాడులో ఉండి తెలుగు ఎందుకు చదువుతారని మమ్మల్నీ అడుగుతుంటారు. అందుకే ఆ ఆల్బమ్ మీద నాకు మమకారం పుట్టింది. ఒకరోజు మా తాతకు వినిపించాను. మొదట మొహం చిట్లించారు. కాసేపటికి కళ్లు మూసుకొని, తొడమీద తాళం వేస్తూ, "గమకం చెడలేదురా" అన్నారు.