ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతంలో కొత్త ఇంటికి భూతాప పద్ధతి: ఖర్చుల లెక్క

నేల లోతుల్లో ఏడాది పొడవునా ఇంచుమించు ఒకేలా ఉండే ఉష్ణోగ్రతను వాడుకుని ఇంటిని వెచ్చగానో చల్లగానో ఉంచే ఏర్పాటును భూతాప పద్ధతి అంటారు. చలిదేశాల్లో దీన్ని ముఖ్యంగా వెచ్చదనం కోసమే పెట్టుకుంటారు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, అంటే ఉదయగిరి, ఆత్మకూరు, వింజమూరు, వరికుంటపాడు, మర్రిపాడు వైపు, ఆ అవసరం లేదు. సంక్రాంతి ముందటి చలికి ఒక దుప్పటి సరిపోతుంది. ఇక్కడి బాధంతా మార్చి నుంచి జూన్ దాకా కాసే ఎండతోనే. రోహిణి కార్తె రోజుల్లో పగటి వేడి 42 డిగ్రీలు దాటడం మామూలే. కాబట్టి ఈ ప్రాంతంలో భూతాప పద్ధతి గురించి లెక్క వేయడమంటే చల్లదనం ఖర్చును లెక్క వేయడమే.

పనిచేసే తీరు

ఈ ఏర్పాటుకు గుండెకాయ హీట్ పంపు. ఫ్రిజ్‌లో, ఏసీలో ఉండే యంత్రమే ఇది: కంప్రెసర్, రెండు కాయిల్స్, మధ్యలో తిరిగే గ్యాస్. తేడా అంతా గదిలోంచి తీసిన వేడిని ఎక్కడ వదులుతున్నామన్న దాంట్లో ఉంది. స్ప్లిట్ ఏసీ ఆ వేడిని గోడ బయట ఉన్న యూనిట్ ద్వారా గాలిలోకి వదులుతుంది. భూతాప పద్ధతిలో బోరు గుంటలోకి దించిన ప్లాస్టిక్ పైపులో నీరు తిరుగుతూ వేడిని బండకు అప్పగించి వస్తుంది. పైపు కిందిదాకా వెళ్లి వంక తిరిగి పైకి వస్తుంది. దాని చుట్టూ ఉన్న ఖాళీని బెంటొనైట్ మట్టి ముద్దతో నింపుతారు, ఎందుకంటే మధ్యలో గాలి ఉంటే వేడి బండకు చేరదు. తిరిగే నీరు ఎప్పుడూ అదే కాబట్టి భూగర్భజలాన్ని తోడే పని లేదు. నీటికి కటకటలాడే ఉదయగిరి వైపు ఇది చిన్న విషయమేమీ కాదు.

ఈ ఆలోచన పాతదే. వేడిని చల్లని చోటి నుంచి వెచ్చని చోటికి తోడే యంత్రం సాధ్యమని లార్డ్ కెల్విన్ 1852లోనే చెప్పాడు. నేలలోని వేడిని ఇందుకు వాడవచ్చంటూ స్విట్జర్లాండ్‌కు చెందిన హైన్రిష్ జోలీ 1912లో పేటెంటు పొందాడు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో కామన్‌వెల్త్ భవనం 1948 నుంచి భూగర్భజలంతో ఈ పని చేయించుకుంది.

దీనికీ వేడినీటి బుగ్గలకూ సంబంధం లేదని ముందే చెప్పుకోవాలి. తెలుగు నేల మీద లోతైన భూతాపం పేరుపడింది గోదావరి లోయలో. భద్రాచలం దగ్గరి గుండాలలో నది ఒడ్డున గుంట తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి ఉబికే వేడినీటితో కరెంటు తీయడానికి సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. వెలిగొండల పాదాల దగ్గర అలాంటి పేరున్న చోటు లేదు. ఇంటి పద్ధతికి అది అవసరమూ కాదు. మామూలు బండ చాలు.

ఇక్కడి నేల, ఇక్కడి వేడి

పైనుంచి పది మీటర్లు దిగేసరికి ఎండాకాలం, చలికాలం తేడా చెరిగిపోతుంది. అక్కడి ఉష్ణోగ్రత ఆ ఊరి ఏడాది సగటుకు దగ్గరగా నిలుస్తుంది. స్వీడన్‌లో అది పది డిగ్రీల లోపే. ఢిల్లీ చుట్టుపక్కల 25, 26. నెల్లూరు జిల్లాలో ఏడాది సగటు 28, 29 డిగ్రీలు కాబట్టి నేల లోపల కూడా అంతే ఉంటుందనుకోవాలి. వేసవి మధ్యాహ్నం చేదిన బావి నీళ్లు చల్లగా తగలడం నిజమే. కానీ ఆ చల్లదనం పైన ఉన్న 42 డిగ్రీలతో పోల్చుకోవడం వల్ల కలిగేది. 29 డిగ్రీల నీరు నేరుగా గదిని చల్లబరచలేదు, యంత్రం తిరగాల్సిందే.

రాయి విషయంలో ఈ ప్రాంతానికి లోటు లేదు. పడమట వెలిగొండ కొండల్లో క్వార్ట్‌జైట్, వాటికి తూర్పున నెల్లూరు షిస్టు మేఖల. గట్టి బండలో, ముఖ్యంగా క్వార్ట్‌జైట్‌లో, వేడి పొడి మట్టిలో కంటే బాగా పాకుతుంది. పెన్నకు, సోమశిల జలాశయానికి దగ్గరగా ఉండే ఆత్మకూరు వైపు పల్లపు పొలాల్లో నేలకు తడి ఉంటుంది, ఆ తడి కూడా వేడిని లాక్కుపోతుంది. ఉదయగిరి దుర్గం కింద పైమట్టి పలచన, బండ తొందరగా తగులుతుంది. అందువల్ల కేసింగు ఖర్చు తగ్గుతుంది. కానీ నాలుగైదు అడుగుల లోతున కాలువలు తీసి పైపులు పరిచే అడ్డపు పద్ధతి ఆ నేలలో దండగ. బ్రేకరుతో బండ కొట్టించడానికే డబ్బంతా పోతుంది.

అసలు చిక్కు మరొకటి ఉంది. చలిదేశాల్లో శీతకాలం నేలలోంచి వేడి తీస్తారు, వేసవిలో కొంత తిరిగి వేస్తారు, జమాఖర్చు సరిపోతుంది. ఇక్కడ తీయడమనేది లేదు, ఏటేటా వేయడమే. బోర్లు దగ్గర దగ్గరగా ఉంటే వాటి మధ్య బండ కొన్నేళ్లకు వేడెక్కి, మొదటి వేసవిలో ఉన్న లాభం పదో వేసవిలో ఉండదు. దీన్ని తప్పించాలంటే బోర్ల మధ్య కనీసం 15, 20 అడుగుల ఎడం ఉండాలి, లోతూ పెంచాలి. రెండూ ఖర్చే.

బోర్లు, పైపులు, పెట్టుబడి

నెల్లూరు జిల్లాలో ఇంటి స్థలాన్ని అంకణాల్లో కొలుస్తారు. అంకణం అంటే 72 చదరపు అడుగులు. 30 అంకణాల స్థలంలో, అంటే 2,160 చదరపు అడుగుల్లో, రెండు పడకగదుల ఇల్లు అనుకుందాం. రెండు గదులకూ ఒకటిన్నర టన్ను చొప్పున మూడు టన్నుల చల్లదనం కావాలి. టన్నుకు మూడున్నర కిలోవాట్లు కాబట్టి మొత్తం పదిన్నర కిలోవాట్లు. యంత్రం తినే కరెంటు కూడా వేడిగానే మారుతుంది కనుక నేలకు చేరేది 13 కిలోవాట్ల దాకా ఉంటుంది. మంచి బండలో మీటరు బోరుకు 50 వాట్లు వదలవచ్చని మోటు లెక్క. ఆ చొప్పున 260 మీటర్లు, దాదాపు 850 అడుగులు తవ్వాలి. ఒక్కొక్కటి 280 అడుగుల చొప్పున మూడు బోర్లు.

ఈ ప్రాంతానికి ఉన్న పెద్ద అనుకూలత ఇక్కడే కనిపిస్తుంది. యూరప్, అమెరికాల్లో భూతాప పద్ధతికి పెద్ద ఖర్చు బోరు తవ్వడమే. మనకు బోరు లారీ కొత్త కాదు, తవ్వకం చవక. అడుగుకు 100 రూపాయలనుకుంటే 850 అడుగులకు 85,000. కేసింగు వేరు. ఆ తర్వాత హెచ్‌డీపీఈ పైపు, నింపుడు మట్టి, నీరు తిప్పే పంపు, గదుల్లో ఫ్యాన్ కాయిల్ యూనిట్లు, వీటన్నిటికీ మించి హీట్ పంపు. ఈ చివరి యంత్రం ఆత్మకూరులోనే కాదు, నెల్లూరు దుకాణాల్లోనూ సరుకుగా దొరకదు. పెద్ద నగరాల నుంచి తెప్పించాలి, చెడితే బాగుచేసే మనిషి కూడా అక్కడి నుంచే రావాలి. స్ప్లిట్ ఏసీకి గ్యాస్ నింపే కుర్రాడు ఉదయగిరిలోనే ఉంటాడు. ఖర్చుల పట్టికలో ఎవరూ రాయని పద్దు ఇది.

కొత్త ఇంటికి ఒక సౌలభ్యం ఉంది. పునాది తీయకముందే బోరు లారీ స్థలంలోకి రాగలదు. ప్రహరీ లేచాక, ఇంటి ముందు సిమెంటు చేశాక ఈ పని పెట్టుకుంటే రెట్టింపు తలనొప్పి. అయితే 30 అంకణాల్లో ఇల్లు, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల బోరు పోను మూడు బోర్లకు 20 అడుగుల ఎడం దొరకడం కష్టం. మూలకొకటి వేయాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అందరూ వాల్టా అనేది, బావులకు, బోర్లకు రిజిస్ట్రేషన్, అనుమతి ఉండాలంటుంది. నీరు తోడని బోరే అయినా లారీ పిలిచే ముందు ఆ కాగితం చూసుకోవడం మంచిది.

నీళ్లు పడక వదిలేసిన బోర్లు మెట్ట ఊళ్లలో చాలా ఉన్నాయి. ఇంటి స్థలంలోనే అలాంటిది ఉంటే పైపు దించి నింపుకోవచ్చు. తవ్వకం ఖర్చు అప్పుడే పోయింది కాబట్టి లెక్క కొంత మారుతుంది. 280 అడుగులు ఖాళీగా ఉన్న ఒక్క బోరు టన్ను చల్లదనం దాకా మోయగలదు, ఒక చిన్న గదికి సరిపోవచ్చు.

తిరిగి వచ్చేదెంత

ఐదు నక్షత్రాల ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ, నక్షత్రాల లేబులు లెక్క ప్రకారం ఏడాదికి 1,600 గంటలు నడిస్తే, సుమారు 800 యూనిట్లు కాలుస్తుంది. రెండింటికి 1,600 యూనిట్లు. భూతాప పద్ధతి ఇందులో మూడో వంతు మిగులుస్తుందని ఉదారంగా ఒప్పుకుందాం. అంటే 533 యూనిట్లు. రాష్ట్రంలో 2022లో సవరించిన గృహ విద్యుత్ ధరల్లో నెలకు 226 నుంచి 400 యూనిట్ల మధ్య శ్లాబుకు యూనిట్ 8 రూపాయల 75 పైసలు. ఆ ధరకు ఏడాది మిగులు దాదాపు 4,660 రూపాయలు. ఏసీల ఖరీదు పోగా అదనపు పెట్టుబడి రెండు లక్షలే అనుకున్నా, అసలు తిరిగి రావడానికి 43 ఏళ్లు. వడ్డీ కలపలేదు. నేలలోని పైపు 50 ఏళ్లు ఉంటుంది గానీ, హీట్ పంపు ఆయుష్షు 20, 25 ఏళ్లే. తవ్వకం ఒక్కదాని 85,000 రాబట్టుకోవడానికే 18 ఏళ్లు పడుతుంది.

పైగా ఆ మూడో వంతు కూడా అనుమానమే. ఈ ఊళ్లలో ఇంటి ఏసీ నడిచేది ఎక్కువగా రాత్రి భోజనాలయ్యాక, తెల్లవారేదాకా. ఆ వేళకు బయటి గాలి 30 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. 29 డిగ్రీల బండకు వేడి వదిలితేనేం, 30 డిగ్రీల గాలికి వదిలితేనేం? యంత్రం నడుస్తుండగా బోరులో తిరిగే నీరు 35 డిగ్రీలకు పైనే ఉంటుంది కనుక రాత్రివేళ గాలిదే పైచేయి కావచ్చు. అమ్మేవాళ్లు చూపే పొదుపు లెక్కలు పగలంతా యంత్రం నడిచే ఆఫీసులవి. మన పడకగదికి అవి వర్తించవు.

ఇందుకు భిన్నంగా పగలూ రాత్రీ నడిచే ఆసుపత్రి, కళాశాల ప్రయోగశాలలు, కల్యాణమండపం పక్కన హోటలు వంటివి ఆత్మకూరు పరిసరాల్లో కడితే లెక్క వేరు. స్థలం ఉంటుంది, గంటలు ఎక్కువ, వాణిజ్య కనెక్షన్ ధర ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరులో ప్రకటించిన జాతీయ భూతాప విధానం ఇలాంటి హీట్ పంపులను కూడా చేర్చుకుంది.

అదే డబ్బుతో మరేం చేయవచ్చు

గాలినే నేల కింది సొరంగంలోంచి తిప్పే పద్ధతి ఒకటుంది. గుర్గావ్ దగ్గర గ్వాల్ పహాడీలో ఇంధన పరిశోధన సంస్థ టెరి తన శిక్షణ కేంద్రంలో 2000లో నాలుగు మీటర్ల లోతున 70 మీటర్ల పొడవు సొరంగాలు వేసింది. అక్కడి నేల 26 డిగ్రీలు. ఇక్కడ మూడు డిగ్రీలు ఎక్కువ, తవ్వాల్సింది బండ, ఈశాన్య రుతుపవనాల నెలల్లో సొరంగంలో చెమ్మ చేరి బూజు పడుతుంది. కాబట్టి దీన్నీ పక్కన పెట్టవచ్చు.

ఒంటి అంతస్తు ఇంట్లోకి వేసవిలో వచ్చే వేడిలో సింహభాగం స్లాబు నుంచే దిగుతుంది. పాత మిద్దెల మీద ఉండే మట్టి, మద్రాసు టెర్రస్ మీద సున్నం, ఇటుక పొరలు చేసిన పనిని ఉత్త సిమెంటు స్లాబు చేయదు. గృహాల కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత పైకప్పుకు వేడి చొరబాటు హద్దు కూడా పెట్టింది. స్లాబు మీద వేడిని ఆపే పొర, దానిపైన తెల్ల పెంకు, పడమటి గోడకు నీడ: ఈ మూడింటి ఫలితం ఏసీ వేయని గదుల్లోనూ తెలుస్తుంది. ఆ తర్వాత డబ్బు మిగిలితే సోలార్ పలకలు. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. అంత పలక ఏడాదికి ఇచ్చే కరెంటు రెండు ఏసీలు తినేదానికి రెట్టింపు పైనే.

విదేశాల్లో ఇల్లు కట్టే తెలుగువారి సంగతి పూర్తిగా వేరు. ఒహాయో, మిషిగన్ వంటి చోట్ల అర్ధ సంవత్సరం ఇంటిని వెచ్చబెట్టాలి, నేల పది డిగ్రీల చుట్టూ ఉంటుంది, పొదుపు నిజంగానే కనిపిస్తుంది. అయితే అమెరికాలో సొంత ఇంటికి ఇచ్చే 30 శాతం పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. అక్కడి బిడ్డలు పాత అంచనా కాగితాలతో నిర్ణయం తీసుకోకూడదు.

ఉదయగిరిలోనైనా ఆత్మకూరులోనైనా మామూలు ఇంటికి ఈ రోజు భూతాప పద్ధతి గిట్టుబాటు కాదు. స్థలంలో వట్టిపోయిన బోరు ఉండి, పగలంతా నడిచే క్లినిక్కో ఆఫీసో ఇంట్లోనే ఉన్నవారు మాత్రం ఒకసారి అంచనా వేయించుకోవచ్చు.