31 ఏళ్లకే రాలిపోయిన బలం

ఆస్ట్రియాలోని స్టైరియా కొండల్లో పాక్ అనే చిన్న ఊరుంది. 1964 అక్టోబరులో అక్కడ పుట్టిన ఆండ్రియాస్ మ్యూంట్సర్‌కు బాడీబిల్డర్ ఆర్నాల్డ్ ష్వార్జెనెగరే ఆరాధ్యదైవం. ఆర్నాల్డ్ కూడా ఆ స్టైరియా బిడ్డే. ఆయన వెళ్లిన దారినే తానూ వెళ్లాలని మ్యూంట్సర్ ఇనుము ఎత్తడం మొదలుపెట్టాడు.

అతనికన్నా భారీ కండలున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ అంతగా ఎండగట్టిన ఒళ్లు మాత్రం చాలా అరుదు. చర్మం కింద కొవ్వనేది లేనట్టే ఉండేది. వేదిక మీద తొడ బిగిస్తే కండరంలోని పోగులు విడివిడిగా కనిపించేవి. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్ల కింద ఏం జరుగుతోందో ఎవరికీ పట్టలేదు.

కండ పెంచే స్టెరాయిడ్లు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచుతాయి. నెత్తురు చిక్కబడుతుంది, బీపీ పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఎదురొడ్డి కొట్టుకోవాల్సి రావడంతో గుండె గోడలు మందమవుతాయి. ఇక పోటీ దగ్గరపడితే ఆ నీరంతా పోవాలి, లేకపోతే కండ తేలదు. దానికి వాడేవి నీరు తీసే మాత్రలు. బీపీ రోగులకు, గుండె బలహీనపడి కాళ్లు వాచినవాళ్లకు డాక్టర్లు రాసే మందులవి. కొన్ని రకాలు పొటాషియాన్ని బయటికి తోసేస్తాయి, కొన్ని ఒంట్లోనే ఆపేస్తాయి. ఎటు ఎక్కువైనా గుండె లయ తప్పుతుంది. అందుకే డాక్టరు ఆ మాత్ర రాశాక రక్తపరీక్ష కూడా చేయిస్తాడు. ప్రాణం నిలపాల్సిన ఆ మందే పోటీ వేదికల వెనుక తొడ మీద గీతలు తేల్చే సాధనమైంది.

హెచ్చరిక ముందే వచ్చింది. 1992 అక్టోబరులో డచ్ గ్రాండ్ ప్రి బాడీబిల్డింగ్ పోటీ గెలిచిన మొహమ్మద్ బెనజిజా ఆ వెంటనే కన్నుమూశాడు. నీరు తీసే మందులే కారణమన్నారు. పోటీలు మాత్రం ఆగలేదు.

1996 మార్చి మొదట్లో అమెరికాలోని కొలంబస్‌లో ఆర్నాల్డ్ పేరిట జరిగే పోటీలో మ్యూంట్సర్ ఆరో స్థానంలో నిలిచాడు. ఇంటికి తిరిగి వస్తుంటే కడుపునొప్పి భరించలేనంతగా మారింది. మ్యూనిక్ ఆసుపత్రిలో చేర్చేసరికి లోపల రక్తస్రావమవుతోంది. ఆపరేషన్ చేశారు. కాలేయం, మూత్రపిండాలు చేతులెత్తేశాయి. మార్చి 14న మ్యూంట్సర్ వెళ్లిపోయాడు. శవపరీక్షలో కాలేయం నిండా గడ్డలు, మామూలు కన్నా బాగా పెరిగిన గుండె బయటపడ్డాయి. అతను వాడాడన్న మందుల చిట్టాను తర్వాత జర్మనీ వారపత్రిక డెర్ ష్పీగెల్ అచ్చువేసింది. పల్లె నుంచి వచ్చి, ఒక్క కల కోసం నోరు కట్టుకుని బతికిన కుర్రాడు! అతన్ని ఆపాల్సినవాళ్లంతా చూస్తూ మెచ్చుకున్నారు.

ఇప్పుడు మన హైదరాబాద్ జిమ్‌లలో మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్లు పట్టుబడుతున్నాయి. మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు పడిపోయిన బీపీని లేపడానికి వాడే మందు అది. దాన్ని వ్యాయామంలో ఊపు కోసం పిల్లలు గుచ్చుకుంటున్నారు. స్టెరాయిడ్లతో ఇప్పటికే పెరిగిన బీపీ మీద ఇది ఇంకో దెబ్బ.

తమ్ముళ్లూ, ఆ సూది ముట్టకండి. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి. బీపీ చూపించుకోండి, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోండి. నీరు తీసే మాత్ర సొంతంగా మింగకండి. ఆయాసానికో, కీళ్లవాతానికో డాక్టరు రాసిన స్టెరాయిడ్ సంగతి వేరు. దాన్ని భయపడి ఉన్నపళాన మానేయడమూ ప్రమాదమే. బీపీ, షుగరు చూపించుకుంటూ, ఉప్పు తగ్గించి, డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించుకోవాలి. పైకి కనిపించే కండను మెచ్చుకునేవాళ్లు ఎందరో ఉంటారు. లోపలి గుండెను కాపాడుకోవాల్సింది మాత్రం మీరే.