ఊరి లెక్కలో మన లెక్క

సంఘంలో మనం ప్రతి రూపాయికీ లెక్క రాసుకుంటాం. మీటింగుకు ఎవరొచ్చారో, ఎవరు రాలేదో అదీ రాస్తాం. మరి ఊరి జనాభా లెక్కలో మనల్ని ఏమని రాశారో ఎప్పుడైనా చూసుకున్నామా?

తెల్లదొరల కాలంలో, 1872లో మన దేశంలో జనాభా లెక్కలు మొదలయ్యాయి. 1881 నుంచి పదేళ్లకోసారి దేశమంతా ఒకేసారి తీస్తూ వచ్చారు. ఊళ్లో ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఎవరికి చదువొచ్చు, ఎవరేం పని చేస్తారు అన్నీ అందులో ఉంటాయి. అన్ని కులాల లెక్క చివరిసారి అచ్చయింది 1931లో.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో తీసిన లెక్క చూస్తే, దేశంలో చదువొచ్చిన ఆడవాళ్లు నూటికి తొమ్మిదిమంది కూడా లేరు. అది మన అమ్మమ్మల కాలం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 నాటికి నూటికి 33 మంది అయ్యారు. 2001కి 50, 2011కి 59. అప్పటికి మగవాళ్లలో 75 మంది ఉన్నారనుకోండి.

ఈ అంకెల వెనక ఎంతో కష్టం ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు అక్షరాలతోపాటు తమ బతుకు గురించీ మాట్లాడుకున్నారు. కూలి డబ్బులన్నీ సారాకే పోతున్నాయని గుర్తించి ఊళ్లో సారా అమ్మనీయకుండా అడ్డం నిలబడ్డారు. ఆ పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయిని మిగుల్చుకుని పొదుపు చేసుకుందామన్న మాట కూడా ఆ జిల్లా నుంచే బలంగా లేచింది.

ఇంకో లెక్క మాత్రం గుండె కలుక్కుమనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు 1991లో 972 మంది, 2011లో 993 మంది. బాగానే పెరిగింది కదా! కానీ ఆరేళ్లలోపు పిల్లల్ని చూడండి. వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 975, 2001లో 961, 2011లో 939. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది. అయినా తగ్గారంటే చట్టం ఒక్కటే చాలదన్నమాట. పెద్దవాళ్లం పెరిగాం, పసిపిల్లలు తగ్గారు.

పని సంగతికొద్దాం. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పని చేస్తే ముఖ్య పనివారు, తక్కువైతే ఉపాంత పనివారు, అసలు చేయకపోతే పనిచేయనివారు అని రాస్తారు. వంట, నీళ్లు మోయడం, పిల్లల్ని సాకడం ఈ లెక్కలోకి రావు. సొంత పొలంలో కూలి లేకుండా చేసే పని మాత్రం వస్తుంది. ఇంటి వాడకానికే అయినా పాడి పని కూడా వస్తుంది. అయితే జరిగేదేమిటి? లెక్కలు రాసే టీచరు గుమ్మంలో నిలబడి అడిగితే, "ఆమె ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటది" అని ఇంటాయన అనేస్తాడు. గేదె పాలు పితికి, చేలో కలుపు తీసి వచ్చిన మనిషి పనిచేయనివారిలో పడిపోతుంది.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనా వల్ల ఆగాయి. 2027 లెక్కల్లో కులం వివరాలు కూడా రాస్తామని కేంద్రం ప్రకటించింది. అప్పుడు వాకిట్లోకి మనమే వెళ్దాం. మన పేరు, మన చదువు, మన పని మన నోటితోనే చెబుదాం. పొదుపు పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే ఊరుకోం కదా, మన లెక్క తప్పితే ఎందుకు ఊరుకోవాలి?