జడకెక్కని పువ్వు

రాజమండ్రిలో మా ఇంటి పెరట్లో ప్రతి పూలమొక్కా ఎవరో ఒకరి కోసం ఉండేది. మందారాలు, నందివర్ధనాలు దేవుడికి. మల్లెలు, కనకాంబరాలు, చేమంతులు అమ్మకీ, పిన్నికీ, ఆడపిల్లలం మాకూ. పొద్దున్నే వాటిని కోసేదీ, మధ్యాహ్నం అరటినార తడిపి దండలు కట్టేదీ మాత్రం మా మేనత్త. ఇరవై నాలుగేళ్ళకే భర్త పోయి అన్నగారింటికి తిరిగొచ్చిన మనిషి. కట్టిన దండ మా జడల్లో తురిమి చేతులు కొంగుకి తుడుచుకునేది. వేళ్ళకి అంటుకున్న వాసనే ఆమె వాటా.

డాలియాలు ఒక్కటే ఆమెవి. చలికాలం మొదట్లో కడియం నర్సరీల నుంచి ఎవరి చేతనో మొక్కలు తెప్పించుకుని అయిదారు మట్టికుండీల్లో పెట్టుకునేది. డాలియాకి వాసన లేదు. అరచేయంత పువ్వు, జడలో పెడితే బరువుకి జారిపోతుంది. దండకి కుదరదు. బామ్మ దాన్ని పూజకి ఒప్పుకోలేదు, శాస్త్రంలో లేని పువ్వని. అలా ఎవరికీ పనికిరాదు కాబట్టే ఆమెకి దక్కిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

నాలుగు జతల ఆకులు రాగానే మొక్క తల తుంచేసేది. నేను అయ్యో అంటే, "తుంచితేనే పక్కకొమ్మలొస్తాయే" అనేది. కొమ్మ చివర మూడు మొగ్గలు వేస్తే పక్కవి రెండూ గిల్లి నడిమిది ఉంచేది. వేరుశనగ చెక్క నానబెట్టి, తేరిన నీళ్ళు పోసేది. కాడలు గుల్ల, గాలికి ఇట్టే విరుగుతాయి కాబట్టి వెదురుపుల్లలకి పాతచీర పేలికలతో కట్టేది. ఎండ ఎక్కకముందే కోసేది, అదీ పూర్తిగా విచ్చిన పువ్వునే. మొగ్గగా కోస్తే డాలియా చెంబులో విచ్చుకోదు. వెనకవైపు రేకులు మెత్తబడ్డాయేమో వేలితో తడిమి చూసేది. కింది ఆకులు తీసేసి, వేలు పెడితే చురుక్కుమనే వేడినీళ్ళలో కాడల్ని నిలబెట్టి, నీళ్ళు చల్లారాక ఇత్తడి చెంబులోకి మార్చి వీధిగదిలో కుట్టుమిషను మీద పెట్టేది. నాలుగైదు రోజులుండేవి.

ఒకసారి పేరంటానికొచ్చిన పెద్దావిడ ఆ చెంబు చూసి, "మీ ఆడపడుచుకి పూల మోజింకా తీరలేదా?" అంది అమ్మతో. "అవి పెట్టుకునే పూలు కాదులెండి" అంది అమ్మ. వెనకేసుకురావడమో, సంజాయిషీయో! మా ఇంట్లో ఆమె పూలకి దొరికిన అనుమతిపత్రం మాత్రం ఆ ఒక్క వాక్యమే.

ఈ పువ్వు ఎక్కడినుంచి వచ్చిందని వెతకడం నేను ఉద్యోగంలో చేరాక మొదలుపెట్టాను. మెక్సికో కొండల మొక్క. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1570లో పంపిన వైద్యుడు ఫ్రాన్సిస్కో హెర్నాండెజ్ అక్కడి నాహువా జనం పెట్టుకున్న పేర్లతో దీన్ని రాసుకున్నాడు. రెండు శతాబ్దాల తర్వాత విత్తనాలు మాడ్రిడ్ చేరాయి. 1791లో కవనియెస్ అనే మతాచార్యుడు దీనికి ఆండర్స్ దాల్ అనే స్వీడన్ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. దాల్ అప్పటికి రెండేళ్ళ క్రితమే చనిపోయాడు. పేర్ల సంగతి ఇలాగే ఉంటుంది. మొక్కను చూపించినవాళ్ళ పేర్లు పువ్వుకి అంటవు.

నన్ను పట్టుకున్నది ఇంకో పేరు: ఎలిజబెత్ వాసల్, తర్వాత లేడీ హాలండ్. 1804లో మాడ్రిడ్ నుంచి ఇంగ్లండుకి డాలియా విత్తనాలు పంపిన మనిషిగా తోటల చరిత్రలు ఆమెను ఒక్క వాక్యంలో తలుచుకుంటాయి. ఆ వాక్యం వెనక ఏముందో చూడండి. 1786లో, పదిహేనేళ్ళకి, తనకంటే ఇరవై ఏళ్ళకు పైగా పెద్దవాడితో పెళ్ళి. వేరొకరిని ప్రేమించి బయటికొచ్చాక 1797లో విడాకులు. తల్లికి పిల్లల మీద చట్టం ఏ హక్కూ ఇవ్వని రోజులు. అందుకని 1796లోనే ఇటలీలో కూతురు హారియెట్ చనిపోయిందని ప్రకటించి, ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపించి, పిల్లని దాచుకుంది. 1799లో నిజం చెప్పి తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది. హాలండ్ ప్రభువుని పెళ్ళాడినా, విడాకులు తీసుకున్నదని మర్యాదస్తుల ఇళ్ళ ఆడవాళ్ళు చాలామంది ఆ గడప తొక్కలేదు. హాలండ్ హౌస్‌లో రాజకీయాలు, సాహిత్యం మాట్లాడుకోవడానికి వచ్చేది ఎక్కువగా మగవాళ్ళే. ఆ తోటలోనే, గ్రంథాలయం చూసుకునే బువొనాయుతి చేతిలో డాలియాలు మొలిచాయి.

అయినా ఆమెను 'మన మనిషి' అనేయడానికి నాకు నోరు రాలేదు. పుట్టింటి నుంచి ఆమెకొచ్చిన సొత్తు జమైకా చెరకుతోటలు. వాటిలో పనిచేసింది బానిసలు. ఆ తోటల్లో తల్లులకి బిడ్డల మీద ఏ హక్కుండేది? దాచుకోవడానికి ఎక్కడుండేది? ఒక ఆడదాని దుఃఖం చదువుతూ ఇంకో ఆడదాని దుఃఖాన్ని దాటేయడం చరిత్రలో ఎంత సులువో, లేడీ హాలండ్ దగ్గరే నాకు అర్థమైంది.

మా ఊరికీ ఒక తేదీ ఉంది. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది రాజమండ్రిలోనే. బళ్ళో ఆ పాఠం మాకు గర్వంగా చెప్పేవారు. పాఠం విని ఇంటికొస్తే మేనత్త అరుగు మీద మాకోసం కనకాంబరాలు కడుతూ ఉండేది. ఈ రెండింటినీ కలిపి చూడాలని ఏ మాస్టారూ చెప్పలేదు, నాకూ తోచలేదు.

ఎండలు ముదిరి ఆకులు పండాక దుంపలు తవ్వి, మట్టి దులిపి, ఎండిన ఇసుకలో పాతి అటక కింద పెట్టేది. దుంప ఎంత లావున్నా, పాతకాడకి అతుక్కున్న మెడ దగ్గర కన్ను లేకపోతే మొలవదు. ఆ కన్ను పోల్చుకోవడం నాకు నేర్పింది ఆమే. మా వానాకాలపు చెమ్మకి సగం దుంపలు కుళ్ళిపోయేవి. మళ్ళీ కడియానికి కబురు వెళ్ళేది.

కాలేజీలో చేరిన ఏడాది సంక్రాంతి సెలవులకి వచ్చి, కొత్తగా చదివిన పుస్తకాల వేడిలో, చెంబులోంచి ఎర్ర డాలియా తీసి, "అత్తయ్యా, ఇది నీ తల్లో పెడతాను" అన్నాను. ఆమె మిషను తొక్కడం ఆపింది. నా చేతిలో పువ్వుని చాలాసేపు చూసింది.

"డాలియా తల్లో నిలవదే పిచ్చిదానా. చెంబులో నీళ్ళు మార్చి పట్రా" అంది.