రంగం నుండి నడిచి వచ్చినవారు
(రేడియో ప్రసంగ పాఠము)

ఈ దినమున రూతు గ్రంథము మొదటి అధ్యాయమును ధ్యానించుకుందాము. అయితే నేడు వాక్యముతో పాటు కొంత చరిత్ర కూడా చెప్పవలసి ఉన్నది. అది ఎక్కడిదో కాదు, మన ఇళ్లలోని చరిత్రే. శ్రీకాకుళము మొదలుకొని గోదావరి వరకు పాతతరము వారిలో "రంగం" అనే మాట తెలియనివారు ఉండరు. రంగూను పట్టణమును మనవాళ్లు రంగం అనేవారు. అప్పులపాలైనవాడు, ఇంట్లో తగవుపడినవాడు, పొలము పోగొట్టుకున్నవాడు రంగం ఓడ ఎక్కేవాడు.

నయోమి సంగతి మీకు తెలిసినదే. బేత్లెహేములో కరువు వస్తే భర్తతో, ఇద్దరు కుమారులతో మోయాబు దేశమునకు వెళ్లినది. ఇంచుమించు పది సంవత్సరములకు తిరిగి వచ్చేసరికి ఆ ముగ్గురూ లేరు. వెంట కోడలు ఒక్కతే ఉన్నది. ఊరి స్త్రీలు ఆమెను గుర్తుపట్టడమే కష్టమైనది. తనను ఇక ఆ పాత పేరుతో పిలువవద్దని ఆమె చెప్పినది. మోయాబులో గడిచిన ఆ పదేళ్లకు గ్రంథములో దక్కినవి రెండు మూడు వచనములే. ఊరివారు అడిగినట్టు లేదు, ఆమె విప్పి చెప్పినట్టూ లేదు.

అటువంటి నయోములు 1942వ సంవత్సరములో మన ఉత్తర కోస్తా ఊళ్లకు వేల సంఖ్యలో తిరిగి వచ్చారు. వారు మనకు పరాయివారు కారు. ఒకరికి మామ్మ, ఒకరికి పెదతాత, ఒకరికి పొరుగింటి అత్త. యుద్ధము చూచినవారు అనగానే మనకు సైనికులు గుర్తుకు వస్తారు. వీరు తుపాకి పట్టలేదు గనుక వీరు కూడా యుద్ధములోనుండి వచ్చినవారని చాలామందికి తోచలేదు.

అసలు మనవారు అక్కడికి ఎందుకు వెళ్లారు? కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉండేది. 1839 తుఫానుకు అది దెబ్బతిన్నది. రేవు పోయినా పేరు బర్మాలో నిలిచిపోయినది. అక్కడ తెలుగువారిని కోరంగీలు అనేవారు. అది మర్యాదగా పిలిచే పిలుపు కాదు సుమా! తరువాతి కాలములో కాకినాడ, విశాఖపట్నము, భీమునిపట్నము, కళింగపట్నము రేవుల నుండి ఆవిరి ఓడలు నడిచేవి. మేస్త్రీలు ముందుగా డబ్బిచ్చి కూలీలను తీసుకొనిపోయేవారు. ఓడరేవులో బస్తాలు మోయుట, బియ్యపు మిల్లులలో పని, రిక్షాలు లాగుట, పాకీ పని, ఇవి మనవారి పనులు. 1931 జనాభా లెక్కలలో బర్మాలోని భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూను పట్టణములోనైతే సగము కంటె ఎక్కువమంది భారతీయులే. 1930 మే నెలలో మన రేవు కూలీలు సమ్మె చేసినప్పుడు వారి స్థానములో బర్మావారిని పెట్టారు, సమ్మె ముగియగానే వారిని తీసివేశారు. దానిమీద పుట్టిన అల్లర్లలో నూరుమందికి పైగా చనిపోయారు. కాబట్టి యుద్ధము రాకముందే వారి బ్రతుకు కత్తి అంచున ఉన్నది.

శ్రీకాకుళములో సువార్త చెప్పిన కెనడియన్ బాప్తిస్టు మిషనరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తరువాత బర్మా వెళ్లి అక్కడి తెలుగు, తమిళ కూలీల మధ్య పరిచర్య చేశారు. అలా రంగూనులో తెలుగు పాటలు పాడే సంఘములు కూడా పుట్టాయి.

1941 డిసెంబరు 23వ తేదీ. క్రిస్మస్‌కు రెండు రోజులు. జపాను విమానములు మొదటిసారి రంగూను మీద బాంబులు వేశాయి. అంతకుముందు ఎన్నడూ అట్టిది చూడనివారు గనుక జనము వీధులలో నిలువబడి ఆకాశమువైపు చూస్తూ ఉండిపోయారు. ఆ ఒక్క దినముననే సుమారు రెండువేల మంది చనిపోయారు. రేవు దగ్గర పనిచేసే మన కూలీలు వారిలో అనేకులు. సరిగా క్రిస్మస్ రోజున, 25న, విమానములు మరల వచ్చాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1942 ఏప్రిల్ 3, శుభ శుక్రవారము నాడు మాండలే పట్టణము బాంబులకు తగులబడినది. ఏప్రిల్ 5, పునరుత్థాన ఆదివారము నాడు కొలంబో మీద దాడి. మరునాడు సోమవారము, ఏప్రిల్ 6న, విశాఖపట్నము, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. శత్రువు మన పండుగలు చూచుకొని కొట్టాడని నేను అనడము లేదు, యుద్ధమునకు పంచాంగముతో పని లేదు. కాని బర్మా నుండి వచ్చిన క్రైస్తవ కుటుంబములలో క్రిస్మస్ రాగానే ఒక వృద్ధుడు ముభావముగా మారిపోతే, బాణసంచా శబ్దమునకు లోపలి గదిలోకి పోయి కూర్చుంటే, ఇంటివారు ఆ స్వభావమే అంత అనుకొని ఊరుకున్నారు. ఆ తేదీ ఎవరూ చెప్పలేదు గదా!

రంగూను 1942 మార్చి 8న జపానువారి వశమైనది. అప్పటికే జనము కదిలిపోయారు. ఓడలలో డబ్బున్నవారికి చోటు దొరికినది. రేవు పని ఆగిపోతుందని పనిచేయగల భారతీయ పురుషులు ఓడ ఎక్కకుండా కొంతకాలము ఆంక్షలు కూడా పెట్టారు. కూలివానికి మిగిలినది కాళ్లే. ఫిబ్రవరి ప్రాంతములలో ప్రోము పట్టణము నుండి టాంగుప్ కనుమ దాటి అరకాను తీరమునకు నడిచినవారు నూరు మైళ్లకు పైగా కొండదారిన, త్రాగునీరు దొరకక, కలరా మధ్యను నడిచారు. తరువాత బయలుదేరినవారు చింద్విన్ నది దాటి తమూ, పాలెల్ మీదుగా ఇంఫాల్ చేరి, అక్కడనుండి దీమాపూరులో రైలు ఎక్కారు. చివరగా మే, జూను నెలలలో మిగిలిపోయినవారు హుకాంగ్ లోయలో పడి, ఎడతెగని వానలో, మోకాటి బురదలో, జలగల మధ్య అస్సాములోని లేడో వైపు వచ్చారు. అస్సాము తేయాకు తోటలవారు దారిలో శిబిరములు పెట్టి అన్నము, టీ ఇచ్చి అనేకులను బ్రతికించారు. తెల్లవారికి ఒక దారి, నల్లవారికి ఒక దారి పెట్టారన్న ఫిర్యాదు ఆ దినములలోనే దేశమంతటా వినబడినది.

మొత్తము మీద బర్మా విడిచి వచ్చిన భారతీయులు నాలుగైదు లక్షలు ఉంటారని చరిత్రకారులు చెప్తారు. దారిలో చనిపోయినవారు పదివేలని కొందరు, యాభైవేలు, అంతకంటె ఎక్కువని మరికొందరు. పదివేలకు యాభైవేలకు మధ్యనున్న ఆ నలుబదివేల మందిని లెక్కపెట్టినవాడు ఎవడూ లేడు. వారికి సమాధులు లేవు. (మలయా తోటలకు పోయిన తమిళ, తెలుగు కూలీలను జపానువారు సయాము-బర్మా రైలుమార్గము పనికి తరలించిన సంగతి వేరొక దినమున చెప్పుకోవలసినది.)

వీరు కలకత్తా మీదుగా రైళ్లలో సొంత ఊళ్లు చేరేసరికి ఇక్కడి పరిస్థితి ఏమిటి? విశాఖపట్నములో జనము సామాను కట్టుకొని పల్లెలకు పోతున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమునే ఆ సంవత్సరము గుంటూరుకు తరలించారు, అది 1946లో గాని తిరిగి రాలేదు. ప్రతి ఇంటిలో తన భయము తనకున్నది. రంగం నుండి వచ్చినవారి మాట వినే తీరిక ఎవరికి? అలా మూతపడిన నోళ్లు మరల తెరచుకోలేదు.

వారి మౌనమునకు ఇంకొక కారణము కూడా ఉన్నదని నాకు తోస్తుంది. ఆ దారులలో నడువలేనివారిని విడిచిపెట్టవలసి వచ్చినది. ముసలి తల్లిని చెట్టుక్రింద కూర్చోబెట్టి ముందుకు వచ్చినవారున్నారు. చంకలోని పసిబిడ్డ చనిపోతే పూడ్చడానికి ఆగలేనివారున్నారు. వారికి మనము ఏమి చెప్పాము? నీవు బ్రతికావు గనుక దేవునికి స్తోత్రము చెల్లించు అన్నాము. మాట మంచిదే, కాని దానితో వారి నోరు మూయించాము. మన కూటములలో సాక్ష్యమంటే చివరకు జయము ఉండాలి. జయము లేని సాక్ష్యమునకు మన కూటములలో చోటు తక్కువ.

ఒక సంఘములో ఒక వృద్ధురాలు ఉండేది. చదువు రాదు. సాక్ష్యము చెప్పమంటే లేచి, దేవుడు నన్ను ఇంతవరకు నడిపించాడు అని ఒక్క మాట చెప్పి కూర్చునేది. మనమంతా అనే మాటే గదా అని అందరూ ఆమేన్ అనేవారు. ఆమె తన కాళ్లతో బర్మా నుండి నడిచి వచ్చినదని ఆమె పోయిన తరువాత భూస్థాపన కూటములో ఆమె తమ్ముడు చెప్పాడు. నడిపించాడు అంటే ఆమె భాషలో నడిపించాడనే అర్థము.

ఇటువంటివారు పెద్ద మాటలు చెప్పరు. పడుకునే ముందు మంచము ప్రక్కన చెంబుతో నీళ్లు లేకపోతే నిద్రపోరు. పంచలో దాచిన బెల్లము ముక్క ఇంటిలో వెక్కిరింతకు వస్తుంది. జూనులో మొదటి వాన పడితే పిల్లలు ఎగురుతుంటే వారు తలుపు వేసుకుంటారు. చరిత్ర తెలిసినవానికి ఆ చెంబు టాంగుప్ కొండ అని, ఆ వాన హుకాంగ్ లోయ అని తెలుస్తుంది. రూతుకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఆమె అదే దారిన నయోమి ప్రక్కన నడిచినది. మనము నడువలేదు గనుకనే దారి పేరైనా తెలిసికొనవలసి ఉన్నది.

1942లో అయిదేళ్ల బిడ్డగా తండ్రి భుజము మీద వచ్చినవారికి ఇప్పుడు తొంబది ఏళ్లు దగ్గరపడుతున్నాయి. అట్టివారు బహు కొద్దిమంది. అయితే యుద్ధకాలమంతా బర్మాలోనే చిక్కుకొని, లేక యుద్ధము తరువాత మరల అక్కడికి వెళ్లి, 1962లో నే విన్ సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో దుకాణములు జాతీయము చేసినప్పుడు వట్టి చేతులతో వెళ్లగొట్టబడిన కుటుంబములు కూడా ఉన్నాయి. విశాఖపట్నములో బర్మా క్యాంపు అనే పేరు వారివలన వచ్చినదే. వారి పిల్లలు నేడు మన సంఘములలో పెద్దలు. తల్లిదండ్రులు నిద్రలో ఏమని కేక వేసేవారో వారు విన్నారు.

మీ ఇంటిలోగాని, పొరుగునగాని అట్టివారుంటే ఎంతమంది చనిపోయారని మొదలుపెట్టకండి. మామ్మా, ఏ నెలలో బయలుదేరారు, తోడు ఎవరు వచ్చారు, దారిలో ఏమి వండుకున్నారు అని అడగండి. ఊళ్ల పేర్లు వారికి గుర్తుండకపోవచ్చును. నెల చెప్తే దారి మనకు తెలుస్తుంది. చెప్పడము ఇష్టము లేకపోతే వేరే మాటలు మాట్లాడుతూ ప్రక్కన కూర్చోండి. ఇంటిలో పెద్దలెవరూ మిగలకపోతే, పాత సంఘములున్నచోట కాపరిని అడిగి 1942, 1943 సంవత్సరముల రిజిస్టరు పుటలు తిరగవేసి చూడండి. పేరు ప్రక్కన రంగూను అని వ్రాసి ఉంటే, ఆ కుటుంబమువారు ఇప్పుడెక్కడ ఉన్నారో కనుక్కోండి.